దిగాలా? మళ్లీ పైకి లేవాలా?

వానాకాలం. చీకటి పడుతోంది. ఊరికి వచ్చే ఆఖరి బస్సు వాగు దగ్గర ఆగిపోయింది. చప్టా మీదుగా నీళ్లు పారుతున్నాయి. డ్రైవరు దిగి చూశాడు. లోతు ఎంతో తెలియడం లేదు.

బస్సులో వాళ్లు ఊరుకుంటారా? "పోనీయవయ్యా, ఏం కాదు" అన్నాడు ఒకాయన. "ఇందాకే లారీ పోయింది కదా" అన్నాడు ఇంకొకాయన. "ఇంట్లో పిల్లలు ఒక్కళ్లే ఉన్నారు బాబూ" అంది ఒకామె. అవతలి ఒడ్డున ఊరి దీపాలు కనపడుతూనే ఉన్నాయి. ఇంత దగ్గరకు వచ్చి వెనక్కి పోవాలా?

డ్రైవరు ఏం చెయ్యాలి?

ఇలాంటి కష్టమే విమానం నడిపేవాళ్లకూ వస్తుంది. వాళ్లను పైలట్లు అంటారు. వాళ్లకు వాగు అడ్డం రాదు. గాలివాన, మబ్బు, పొగమంచు అడ్డం వస్తాయి. బస్సయితే ఆపి, దిగి చూడవచ్చు. విమానాన్ని ఆకాశంలో ఆపడం కుదరదు. పోతూనే ఆలోచించాలి. పోతూనే తేల్చుకోవాలి.

విమానం సంగతి మనకెందుకు అనుకోవద్దు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పోతున్నారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల మగవాళ్లు ఎందరో అక్కడ కూలి చేస్తున్నారు. వాళ్లంతా పోయేదీ వచ్చేదీ విమానంలోనే.

చెడు వాతావరణంలో ఎగరడం ఎంత ప్రమాదమో తెలుగువాళ్లకు బాగా గుర్తుంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. దారిలో వాతావరణం బాగా లేదు. హెలికాప్టరు నల్లమల అడవిలో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

విమానం ఎట్లా దిగుతుంది?

విమానం దిగడానికి పొడవైన రోడ్డు లాంటిది ఉంటుంది. దాన్ని రన్‌వే అంటారు. పెద్ద విమానాలు దిగే రన్‌వే సుమారు రెండున్నర, మూడు కిలోమీటర్ల పొడవు ఉంటుంది. నేల తాకే వేళకు విమానం గంటకు 250 కిలోమీటర్ల దాకా వేగంతో ఉంటుంది. మన బస్సు వేగానికి ఇది నాలుగైదు రెట్లు. ఆ వేగాన్ని తగ్గించి ఆపాలంటే చాలా దూరం కావాలి. అందుకే రన్‌వే మొదటి భాగంలోనే చక్రాలు ఆనాలి. ఆలస్యంగా ఆనితే ముందు మిగిలే దారి చాలదు.

గాలి సంగతి కూడా చూడాలి. తూర్పారబట్టే మనిషికి గాలి ఎటు వీస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. గాలిని బట్టే చేట పడుతుంది. పైలట్ కూడా అంతే. గాలికి ఎదురుగా దిగాలని చూస్తాడు. ఎదురుగాలి విమానం వేగాన్ని తగ్గిస్తుంది. వెనకగాలి అయితే ముందుకు తోస్తుంది. అప్పుడు ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పడుతుంది.

వాన పడితే ఇంకో చిక్కు. తడి బండ మీద కాలు జారుతుంది. అట్లాగే రన్‌వే మీద నీళ్లు నిలిస్తే టైరుకూ నేలకూ మధ్య నీటి పొర చేరుతుంది. టైరుకు పట్టు దొరకదు. బ్రేకు వేసినా విమానం త్వరగా ఆగదు.

నేల కనపడకపోతే ఏం చెయ్యాలి? దానికి ఒక నియమం ఉంది. దిగేటప్పుడు ఒక ఎత్తు ముందే నిర్ణయిస్తారు. చాలా చోట్ల అది నేలకు 200 అడుగుల పైన ఉంటుంది. ఆ ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ, దాని దీపాలు గానీ కనపడాలి. కనపడితే దిగవచ్చు. కనపడకపోతే ఇంకొక్క అడుగు కూడా కిందికి పోకూడదు. వెంటనే విమానాన్ని మళ్లీ పైకి లేపాలి. దీన్ని పైలట్లు 'గో అరౌండ్' అంటారు. అంటే 'దిగొద్దు, లేచి చుట్టు తిరిగి రా' అని.

దిగే ముందు విమానం వేగం ఎక్కువగా ఉన్నా, తిన్నగా లేకపోయినా ఇదే నియమం. దిగకూడదు, లేవాలి.

మళ్లీ లేస్తే ఇంధనం చాలుతుందా? అది కూడా ముందే లెక్క వేసుకుంటారు. పోవలసిన ఊరికి సరిపడా ఇంధనం పోస్తారు. అక్కడ దిగలేకపోతే ఇంకో ఊరికి పోవడానికి మరికొంత. ఆపైన ఇంకో అరగంట ఎగరడానికి సరిపడా మరికొంత. చుట్టం ఇంట్లో లేకపోతే పక్క ఊళ్లో తలదాచుకోవడానికి ముందే ఒక ఇల్లు చూసి పెట్టుకున్నట్టు అన్నమాట.

కోజికోడ్‌లో ఆ రాత్రి

ఇన్ని నియమాలు ఉన్నా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? కేరళలో జరిగిన ఒక ప్రమాదం చూద్దాం.

అది 2020 ఆగస్టు 7. కరోనా రోజులు. విదేశాల్లో చిక్కుకుపోయిన మనవాళ్లను ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెస్తోంది. దుబాయ్ నుంచి కోజికోడ్‌కు ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం వస్తోంది. అందులో 190 మంది ఉన్నారు. చంటిపిల్లలు కూడా ఉన్నారు. పనులు పోయి ఇంటి ముఖం పట్టినవాళ్లు ఉన్నారు. సొంత ఊరు చూడాలని అందరి మనసులూ కొట్టుకుంటున్నాయి.

కోజికోడ్ విమానాశ్రయం గుట్ట మీద ఉంది. గుట్ట పైభాగం చదును చేసి రన్‌వే వేశారు. అది బల్ల లాగా ఉంటుంది. బల్ల అంచు దాటితే లోయే. ఆ రన్‌వే పొడవు 2,700 మీటర్లు.

సాయంత్రం ఏడు దాటింది. వాన జోరుగా కురుస్తోంది. పెద్ద పైలట్‌ను కెప్టెన్ అంటారు. ఆయన ముందున్న అద్దం మీద నీళ్లు తుడిచే వైపరు సరిగా పనిచేయలేదు. మొదటిసారి దిగబోయి, దిగకుండా విమానాన్ని పైకి లేపారు. అది సరైన పనే.

రెండోసారి రన్‌వే అవతలి కొస నుంచి దిగడానికి వచ్చారు. ఈసారి గాలి వెనక నుంచి తోస్తోంది. దాని వేగం గంటకు సుమారు 25 కిలోమీటర్లు. విమానం రన్‌వే మీదకు వచ్చింది గానీ చక్రాలు ఆనలేదు. గాలిలోనే ముందుకు సాగిపోయింది. పక్కనున్న రెండో పైలట్ 'గో అరౌండ్' అన్నాడు. కెప్టెన్ పైకి లేపలేదు. చివరికి చక్రాలు ఆనేసరికి సగం రన్‌వే అయిపోయింది. అప్పటికే సుమారు 1,350 మీటర్లు దాటిపోయారు.

మిగిలిన దారి చాలలేదు. నేల తడిగా ఉంది. విమానం రన్‌వే దాటి, గుట్ట అంచు దాటి, వంద అడుగులకు పైగా కిందికి పడింది. ముక్కలైంది. మంటలు రాకపోవడం ఒక్కటే అదృష్టం. చుట్టుపక్కల ఊళ్ల జనం వానలోనే పరుగెత్తి వచ్చారు. కరోనా భయం మరచిపోయి, గాయపడ్డవాళ్లను చేతుల మీద మోసి ఆసుపత్రులకు చేర్చారు. అయినా 21 మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పైలట్లూ ఉన్నారు.

ఎందుకు దిగాడు?

కెప్టెన్ కొత్తవాడు కాదు. అంతకు ముందు వైమానిక దళంలో పనిచేసినవాడు. ఎంతో అనుభవం ఉన్నవాడు. ఇంకో ఊరికి పోవడానికి విమానంలో ఇంధనం ఉంది. దిగడానికి దగ్గరలో వేరే విమానాశ్రయాలూ ఉన్నాయి. మరి ఎందుకు దిగాడు?

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2021లో నివేదిక ఇచ్చింది. నియమం తప్పి దిగడమే ప్రమాదానికి కారణమని తేల్చింది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. మరుసటి రోజు పొద్దున కోజికోడ్ నుంచి పోయే ఒక విమానాన్ని ఆ కెప్టెనే నడపాలి. పైలట్లు ఇన్ని గంటలు పనిచేస్తే ఇంత విశ్రాంతి తీసుకోవాలని చట్టం ఉంది. రాత్రి వేరే ఊరికి పోతే పొద్దున విమానం నడపడానికి కుదరదు. అక్కడ కెప్టెన్లు తక్కువగా ఉన్నారు. ఎట్లాగైనా కోజికోడ్‌లోనే దిగాలన్న పట్టుదలకు ఇది ఒక కారణమని నివేదిక చెప్పింది.

చూడండి. ఎవరూ ఆయన్ని దిగమని గదమాయించలేదు. రేపటి పని ఈ రోజు నెత్తి మీద కూర్చుంది. ఒత్తిడి ఎప్పుడూ కేకలు వేసుకుంటూ రాదు. చాలాసార్లు మంచి మనిషికి పని మీద ఉన్న శ్రద్ధ రూపంలోనే వస్తుంది.

పైలట్ల మీద ఒత్తిడి ఇంకా చాలా రకాలుగా ఉంటుంది. విమానం ఆలస్యమైతే ప్రయాణికులు విసుక్కుంటారు. వేరే ఊళ్లో దిగితే కంపెనీకి ఖర్చు. 'ఇంతటి అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాత్రం దింపలేనా' అని మనసులో ఒక మాట. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. 'ఇంత దాకా వచ్చాం, ఇంకొంచెమే కదా' అన్న ఆశ. గమ్యం దగ్గర పడేకొద్దీ వెనక్కి తిరగబుద్ధి కాదు.

1999లో అమెరికాలో దీని మీద ఒక పరిశీలన బయటికి వచ్చింది. విమానాశ్రయం దగ్గర ఉరుముల వాన పడేటప్పుడు పైలట్లు ఏం చేస్తున్నారో చూశారు. మూడు సందర్భాల్లో ఎక్కువమంది ఆ వానలోకి చొరబడ్డారు. ముందు ఇంకో విమానం పోయి ఉంటే చొరబడ్డారు. తాము పావుగంటకు మించి ఆలస్యమై ఉంటే చొరబడ్డారు. చీకటి పడ్డాక చొరబడ్డారు.

వాగు దగ్గర బస్సు గుర్తుకు వచ్చిందా? 'ఇందాకే లారీ పోయింది కదా' అన్నది కూడా ఇదే.

రెండో మనిషి మాట

పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లు ఉంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గమనిస్తూ ఉంటారు. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కంట పడాలని ఈ ఏర్పాటు. ఇద్దరిలో ఎవరు 'గో అరౌండ్' అన్నా విమానం లేవాలి. అది నియమం. కెప్టెన్ వినకపోతే రెండో పైలట్ తానే విమానాన్ని తన చేతిలోకి తీసుకోవచ్చు.

కానీ పెద్దవాడి చేతిలోది లాక్కోవడం అంత తేలికా? వయసులో పెద్ద. పదవిలో పెద్ద. ఆలోచించడానికి ఉన్నది కొద్ది క్షణాలు. కోజికోడ్ రెండో పైలట్ మాట అన్నాడు గానీ విమానాన్ని చేతిలోకి తీసుకోలేకపోయాడు. 2010 మే 22న మంగళూరులోనూ ఇట్లాగే జరిగింది. అక్కడ వాన కూడా లేదు. అయినా విమానం తప్పు ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చింది. రెండో పైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నాడు. కెప్టెన్ వినలేదు. ఆ ప్రమాదంలో 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బతికారు.

ఇది మన ఇళ్లల్లోనూ ఉన్నదే. చిన్నకోడలికి వంటింట్లో గ్యాసు వాసన తగిలింది. అత్త పొయ్యి వెలిగించబోతోంది. 'పెద్దావిడకు తెలియదా, నేను చెబితే ఏమనుకుంటుందో' అని కోడలు మొహమాటపడితే ఏమవుతుంది? ఆ మొహమాటం ఖరీదు ఇంటిల్లిపాది ప్రాణాలు.

ఈ పాఠం ప్రపంచం చాలా నష్టపోయి నేర్చుకుంది. 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరిఫ్ దీవిలో, పొగమంచులో, రెండు పెద్ద విమానాలు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఒక విమానం కెప్టెన్ బయలుదేరాలని తొందరలో ఉన్నాడు. ఆయన పని గంటలు అయిపోవస్తున్నాయి. 'ఎదుటి విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదేమో' అని పక్కనున్న ఇంజనీరు అనుమానపడ్డాడు. కెప్టెన్ ఆ మాట పట్టించుకోలేదు.

ఆ తరువాత పైలట్ల శిక్షణ మారింది. చిన్నవాళ్లకు గట్టిగా చెప్పడం నేర్పుతున్నారు. పెద్దవాళ్లకు వినడం నేర్పుతున్నారు. ఇప్పుడు చాలా విమాన సంస్థల్లో ఇంకో నియమం కూడా ఉంది. దిగకుండా పైకి లేచినందుకు పైలట్‌ను తప్పుపట్టకూడదు.

దేశాధ్యక్షుడికే కాదన్నవాడు

ఒత్తిడికి లొంగని పైలట్లూ ఉన్నారు. 2008 ఆగస్టులో పోలండ్ దేశాధ్యక్షుడు జార్జియా దేశానికి బయలుదేరాడు. అక్కడ యుద్ధం జరుగుతోంది. రాజధాని టిబిలిసీలో దిగాలని అధ్యక్షుడు పట్టుబట్టాడు. అక్కడ దిగడం క్షేమం కాదని కెప్టెన్ ఒప్పుకోలేదు. పక్క దేశంలో దించాడు. అక్కడి నుంచి అధ్యక్షుడు కారులో పోవలసి వచ్చింది. ఆయనకు కోపం వచ్చింది. కెప్టెన్ మీద ఫిర్యాదు కూడా పెట్టారు. విచారణలో ఆయన తప్పు లేదని తేలింది. రక్షణ మంత్రి పిలిచి పతకం ఇచ్చాడు.

రెండేళ్లకు అదే అధ్యక్షుడు రష్యాలోని స్మోలెన్స్క్‌కు బయలుదేరాడు. అది 2010 ఏప్రిల్ 10. ఈసారి కెప్టెన్ వేరు. 2008లో రెండో పైలట్‌గా పక్కన కూర్చుని అంతా చూసినవాడే ఇప్పుడు కెప్టెన్. దిగవలసిన చోట దట్టమైన పొగమంచు. దిగడానికి అనువుగా లేదని కింద నుంచి చెప్పారు. అయినా విమానం నేల కనపడకుండానే ఉండవలసిన ఎత్తు కన్నా కిందికి దిగింది. చెట్లకు తగిలి కూలిపోయింది. అధ్యక్షుడు, ఆయన భార్యతో పాటు 96 మందీ చనిపోయారు.

కెప్టెన్ మీద ఒత్తిడి ఎంత ఉంది అన్నదాని మీద రష్యా విచారణ ఒక మాట చెప్పింది, పోలండ్ విచారణ ఇంకో మాట చెప్పింది. కానీ అంత కిందికి రాకూడదన్న దగ్గర రెండూ ఒకటే మాట చెప్పాయి.

మొదటి కెప్టెన్ మీద కోపగించుకున్నవాళ్లు ఆ రోజు క్షేమంగా నేల మీద దిగారు. కోపగించుకోవడానికి బతికి ఉన్నారు. అంతకన్నా ఏం కావాలి?

ప్రయాణికులు తెలుసుకోవలసినవి

విమానం దిగబోయి ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మళ్లీ పైకి లేస్తే భయపడవద్దు. కడుపులో తిప్పినట్టు అవుతుంది. కానీ అది ప్రమాదం కాదు. ప్రమాదం తప్పించుకోవడం.

హైదరాబాదులో దిగవలసిన విమానం ఏ బెంగళూరులోనో, చెన్నైలోనో దిగవచ్చు. వాతావరణం బాగుపడ్డాక మళ్లీ తీసుకుపోతారు. ఆకలి, విసుగు, ఖర్చు ఉంటాయి. తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు గేటు బయట ఎదురుచూస్తూ కంగారుపడతారు. ఆ కష్టం నిజమే. ఎప్పుడు బయలుదేరుతుందో, తిండీ నీళ్లూ ఎట్లాగో అక్కడి సిబ్బందిని అడగండి. అడగడం తప్పు కాదు. కానీ 'ఎందుకు దించలేదు' అని పైలట్ మీద కేకలు వేయవద్దు. ఆ కేకలే రేపు ఇంకో పైలట్ మనసులో ఒత్తిడి అవుతాయి.

విమానం దిగేటప్పుడు సీటు బెల్టు గట్టిగా పెట్టుకోవాలి. విమానం పూర్తిగా ఆగేదాకా లేవకూడదు.

మన దేశంలో ఇప్పుడు చాలామంది ఆడవాళ్లు విమానాలు నడుపుతున్నారు. ప్రపంచంలో చాలా దేశాల కన్నా మన దేశంలోనే ఆడ పైలట్లు ఎక్కువ. అందరికీ నేర్పే మొదటి పాఠాల్లో ఇది ఒకటి: విమానం దించడం ఎంత ముఖ్యమో, దించకుండా ఉండడం తెలియడం అంత ముఖ్యం.

మళ్లీ వాగు దగ్గరకు వద్దాం. డ్రైవరు బస్సును వెనక్కి తిప్పాడు అనుకోండి. అందరూ పక్క ఊరి బడిలో ఆ రాత్రి గడుపుతారు. దోమలు కుడతాయి. కొందరు డ్రైవరును తిట్టుకుంటారు. పొద్దున్నే వాగు తీస్తుంది. పిల్లలు గుమ్మంలో ఎదురుచూస్తుంటారు. అమ్మ ఆలస్యంగా వస్తుంది.

కానీ వస్తుంది.

ఆలోచించండి, చర్చించండి

1. విమానం వెనకగాలిలో దిగితే ఏమవుతుంది?
2. ఇంధనం ఉన్నా, వేరే విమానాశ్రయాలు ఉన్నా కోజికోడ్ కెప్టెన్ అక్కడే దిగాలని ఎందుకు అనుకున్నాడు?
3. పెద్దవాళ్లు పొరపాటు చేస్తున్నారని మీకు తెలిసింది. అప్పుడు మీరు ఎట్లా చెబుతారు?
4. 'ఏం కాదులే, పోనీ' అని మీ ఊళ్లో ఎప్పుడైనా తొందరపెట్టారా? అప్పుడు ఏం జరిగింది?